నీలం గోడ ఎవరి పేరిట?

వాన ఆగట్లేదు.

1966 ఫిబ్రవరి. మొరాకోలోని మరాకేష్. ఎండ కోసం యూరప్ జనం వెతుక్కుంటూ వచ్చే ఊరు. ఎర్రమట్టి గోడల ఊరు. ఆ గోడలన్నీ ఇప్పుడు తడిసి ముద్దయ్యాయి. సందుల్లో బురద. మామూనియా హోటల్ కిటికీల మీద ఒకటే ధార. పారిస్ నుంచి వచ్చిన ఇద్దరు మగవాళ్లకి రోజుల తరబడి ఆ ధారే కాలక్షేపం. ఎదురుగానే అట్లాస్ కొండలున్నాయంటారు. కళ్లకి మబ్బు తప్ప ఏమీ ఆనట్లేదు.

ఒకతను ఈవ్ సాన్ లోరాన్. 29 ఏళ్లు. పారిస్‌లో అతను పెన్సిల్ కదిపితే ప్రపంచంలో ఆడవాళ్ల గౌన్లు మారిపోతున్నాయి. రెండో అతను పియెర్ బెర్జే. 35 ఏళ్లు. ఈవ్‌కి జీవితంలో తోడు, వ్యాపారంలో భాగస్వామి. ఈవ్ గీస్తాడు, బెర్జే లెక్క చూస్తాడు. వాళ్ల కంపెనీ నిలబడింది ఆ పొత్తు మీదే. మొరాకో రావడం ఇద్దరికీ ఇదే మొదలు. ఈ వాన చూస్తే ఇదే ఆఖరు కూడా అయ్యేలా ఉంది.

ఒక పొద్దున లేచేసరికి చప్పుడు లేదు. వాన వెలిసింది.

మబ్బుని ఎవరో చాప చుట్టినట్టు చుట్టి పట్టుకుపోయారు, దాని వెనక ఇన్నాళ్లూ దాక్కున్న కొండలు నెత్తిన మంచుతో ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి, చెట్లలో పిట్టలు గోల పెట్టాయి, మల్లెల వాసన గదిలోకి దూసుకొచ్చింది, గది మూలమూలకీ, మడత మడతకీ ఎండ దూరిపోయింది. ఆ పొద్దుటి గురించి బెర్జే ముసలితనం దాకా చెప్పుకున్నాడు. ఇద్దరూ బయటపడ్డారు. ఊరు తిరిగారు. తిరుగు విమానం ఎక్కేటప్పుడు వాళ్ల దగ్గర వచ్చేటప్పుడు లేని కాగితం ఒకటుంది.

పాత ఊళ్లో ఇల్లు కొనడానికి రాసుకున్న ఒప్పందం అది. ఆ ఇంటి పేరు దార్ ఎల్ హన్ష్. తెలుగులో చెబితే, పాము ఇల్లు.

*

మరాకేష్ మదీనాలో, అంటే ఆ పాత ఊళ్లో, ఇల్లు బయటికి ఇల్లులా ఉండదు. దాదాపు వెయ్యేళ్ల నాటి ఊరు, చుట్టూ కోటగోడ. లోపల గాడిద ఎదురొస్తే మనిషి గోడకి అతుక్కోవాల్సిన సందులు. సందుకి రెండు వైపులా కిటికీల్లేని మట్టిగోడలు. వంగితే గానీ దూరలేని తలుపు. తలుపు తోస్తే చీకటి నడవ. ఆ నడవ కూడా వంకర తిరిగి ఉంటుంది, వీధిలోవాడి చూపు లోపలి ఆడవాళ్ల మీద పడకుండా. వంపు దాటారా, నెత్తిన ఆకాశం! నడుమ తోట, నీళ్లతొట్టి, చుట్టూ గదులు. మన మండువా లోగిలికి దూరపు చుట్టం. నడుమ తోట ఉంటే రియాద్ అంటారు, ఉత్త వాకిలైతే దార్.

ఇల్లు చూపించే మధ్యవర్తిని సెమ్సార్ అంటారు. వినగానే మనకి సంసారం గుర్తొస్తుంది. తప్పేం లేదు. పరదేశికి అతను చూపించేది నాలుగు గోడలే, ఆ గోడల వెనక చిక్కుపడి ఉన్నది ఒక సంసారం మొత్తం.

ఎలాగంటే, మదీనాలో చాలా ఇళ్లకి రిజిస్టరైన పట్టా ఉండదు. మిల్కియా ఉంటుంది. హైదరాబాద్ పెద్దవాళ్ల నోట మిల్కియత్ అన్న మాట వినే ఉంటారు, అదే ఇది. ఈ దస్తావేజు రాసేవాళ్లని అదూల్‌లు అంటారు. ఎప్పుడూ ఇద్దరు, జంటగానే సంతకం పెడతారు. ఈ ఇల్లు ఫలానా కుటుంబం అనుభవంలో ఉందని పన్నెండు మంది సాక్షులు చెబితే వాళ్లు రాస్తారు, ఖాజీ ముద్ర పడుతుంది. అంతే. అప్పట్లో మొరాకోని ఏలుతున్న ఫ్రెంచివాళ్లు 1913లో కొత్త చట్టం తెచ్చారు. సర్వే, హద్దురాళ్లు, అభ్యంతరాలకి గడువు, చివర్లో నంబరు వేసిన పట్టా. కోట బయట వాళ్లు కట్టుకున్న కొత్త ఊళ్లో ఆ పద్ధతి బాగానే నడిచింది. లోపలి సందుల్లోకి మాత్రం అంత తేలిగ్గా దూరలేకపోయింది.

పట్టా లేకపోవడం కాదు అసలు భయం. వారసులు. తాత పోయి నలభై ఏళ్లవుతుంది, ఆయనకి ఇద్దరు పెళ్లాలు, ఏడుగురు పిల్లలు, ఆ ఏడుగురిలో నలుగురు పోయారు, వాళ్ల పిల్లలు ఒకరు కాసాబ్లాంకాలో, ఒకరు మార్సేలో, ఒకరు ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు, షరియా లెక్క ప్రకారం కొడుక్కింత కూతురికింత అని కోసుకుంటూ పోతే చివరికి ఒక్కొక్కరికి మిగిలేది మెట్ల కింద అరలో సగం. బేరం కుదురుతుంది. పుదీనా టీ మూడో గ్లాసు కూడా అయిపోతుంది. రేపు పొద్దున అదూల్ దగ్గరికి. సరిగ్గా ఆ రాత్రే ఓ మేనత్త నుంచి కబురు: నా వాటా నేనమ్మను.

ఆవిణ్ణి వదిలేసి మిగతావాళ్ల దగ్గర కొనేస్తే? అక్కడ ఇంకో గొయ్యి ఉంది. దాని పేరు షుఫా. ఉమ్మడి ఆస్తిలో ఒక వాటా బయటివాడి చేతికి పోతే, తోటి వాటాదారు గడువులోగా వచ్చి, కొన్నవాడు కట్టిన సొమ్ము వాడి చేతిలో పెట్టి, ఆ వాటాని తనవైపు లాక్కోవచ్చు. ఆ మాట పరదేశి చెవిన పడేది మామూలుగా సామాన్లు సర్దుకున్నాకే.

పాము ఇల్లు మాత్రం ఈవ్, బెర్జేల చేతికి దక్కింది. ఇద్దరూ పారిస్‌కీ మరాకేష్‌కీ మధ్య తిరగడం మొదలుపెట్టారు. చూసేవాళ్లకి అది డబ్బున్నవాళ్ల సరదా. ఈవ్‌కి అంతకంటే లోతుగా తగిలిన వ్యవహారం.

అతను పుట్టింది పారిస్‌లో కాదు. ఓరాన్‌లో. మొరాకో పక్కదేశం అల్జీరియాలో, సముద్రం ఒడ్డున. 1936లో. అప్పుడది ఫ్రాన్స్ చేతిలో ఉంది. టీనేజీ దాటుతూ పారిస్ చేరాడు, 21 ఏళ్లకే డియోర్ సంస్థ బట్టల రూపకల్పన మొత్తం అతని చేతికొచ్చింది. 1960లో సైన్యం నుంచి పిలుపు. అల్జీరియా యుద్ధం మండుతోంది. బ్యారక్‌లలోనే మనసు చెదిరి ఆసుపత్రి పాలయ్యాడు. బయటికొచ్చేసరికి ఉద్యోగం లేదు. 1962లో అల్జీరియాకి స్వతంత్రం వచ్చింది. అక్కడ తరతరాలుగా పాతుకుపోయిన యూరోపియన్లు లక్షల మంది తాళాలు వేసుకుని ఓడలెక్కారు. ఆ తాళాలు వాళ్లు మళ్లీ తీసింది లేదు.

నాలుగేళ్లు తిరక్కముందే, అదే ఉత్తర ఆఫ్రికా ఎండ కింద, ఓరాన్ కుర్రాడి చేతిలో ఇంకో తాళంచెవి.

*

మొదటి రాకలోనే ఇంకోటి కూడా వాళ్ల కంటబడింది.

కోట బయట. ఫ్రెంచివాళ్లు కట్టిన కొత్త ఊరి అంచున. గోడ, గోడకో గేటు. ఎవరైనా లోపలికెళ్లొచ్చు. అయినా లోపల పురుగు లేదు. వెదురు గుబుర్లు గాలికి రాసుకుంటున్న చప్పుడు. మనిషి ఎత్తు బ్రహ్మజెముళ్లు. కలువలు పరుచుకున్న కొలను. కాగితంపూల తీగలు గోడెక్కి అటుపక్కకి దూకుతున్నాయి. బయట ఎండ కళ్లు పొడుస్తుంటే లోపల నీడ చల్లగా ఒళ్లు తడుముతోంది. దారి మలుపు తిరిగింది.

నీలం!

ఆకాశపు నీలం కాదు, సముద్రపు నీలం కాదు. మన ఇళ్లల్లో తెల్లబట్టలకి పెట్టే నీలిమందు పొడి ఉంటుందే, నీళ్లలో కలపకముందు, పొట్లం విప్పిన క్షణంలో కంటికి కొట్టే రంగు. (పోలిక ఊరికే కాదు. ఆ పొడీ అల్ట్రామెరైన్ అనే రంగే, ఈ గోడ రంగూ ఆ కులానిదే.) చుట్టూ పచ్చదనం మధ్యలో ఒక పెట్టెలాంటి మేడ నిలువెల్లా ఆ నీలం పూసుకుని నిలబడి ఉంది.

రోజూ వచ్చారు. మళ్లీ మళ్లీ వచ్చారు. అప్పటిదాకా నలుపుని నమ్ముకున్న ఈవ్, రంగంటే ఏమిటో తనకి మరాకేష్ నేర్పిందని తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఆ బడి ఇదే. మరి ఈ బడి కట్టిన మేస్టారెవరు?

ఆయన పోయి అప్పటికి మూడేళ్లు దాటింది.

*

జాక్ మజోరెల్. ఫ్రాన్స్‌లో నాన్సీ అనే ఊరు. తండ్రి లూయీ మజోరెల్, కొయ్య వంచి తీగలూ పూలూ పలికించిన ఫర్నిచర్ మేధావి. కొడుకు కుంచె పట్టాడు. ఆరోగ్యం అంతంత మాత్రం. 1917లో మొరాకో పొమ్మన్నారు, వేడి గాలి మంచిదని. అక్కడ ఫ్రాన్స్ తరఫున ఏలుతున్న లియోతే కూడా నాన్సీవాడే, ఆ కుటుంబానికి తెలిసినవాడే. మజోరెల్ మరాకేష్ చూశాడు. ఇక తిరిగి వెళ్లలేకపోయాడు.

1923లో ఖర్జూర తోపు అంచున నాలుగెకరాలు కొన్నాడు. పక్క ముక్కలు కలుపుకుంటూ సుమారు పదెకరాల దాకా పెంచాడు. కొన్నవాడు ఫ్రెంచివాడు, ఏలుతున్నది ఫ్రాన్స్. ఆ రోజుల్లో ఆ ఊళ్లో పరదేశి ఎవరు, సొంతవాడెవరు అన్నది తుపాకీ ఎవరి చేతిలో ఉందో దాన్ని బట్టి ఉండేది. ఈ కథలో అందమంతా ఆ చేదు మీద మొలిచిందే. అది దాచి చెబితే కథ అబద్ధమవుతుంది.

మజోరెల్ మాత్రం బొమ్మలు వేసుకోవడానికి కొన్నాడు. కొని, బొమ్మల కంటే ఎక్కువగా మొక్కల్లో పడిపోయాడు. ఏ ఖండం నుంచి ఏ మొక్క దొరికినా తెప్పించాడు. 1931లో పోల్ సినువార్ అనే ఆర్కిటెక్ట్ చేత ఆ పెట్టెలాంటి స్టూడియో కట్టించాడు. 1937లో దాని గోడల మీద ఎగిరిపడే ఆ నీలం పూయించాడు. తర్వాత గేట్లకి, తొట్లకి, పందిళ్లకి.

నీలం అందంగా ఉంది. ఖర్చు భయంకరంగా ఉంది. మరాకేష్ ఎండలో కలువలు బతకాలంటే నీళ్లు కావాలి, నీళ్లు పెట్టడానికి మనుషులు కావాలి, మనుషులకి జీతాలు కావాలి, జీతాల కోసం బొమ్మలు అమ్మాలి, బొమ్మలు వేయాలంటే తోటలోంచి తలెత్తాలి, తోట తలెత్తనివ్వదు. 1946లో మామూనియా హోటల్లో పైకప్పుకి బొమ్మలు వేశాడు. ఇరవయ్యేళ్ల తర్వాత ఈవ్, బెర్జేలు వానలో చిక్కుకున్నది ఆ హోటల్లోనే! అయినా చాల్లేదు. 1947లో తన ఇంటి గేటు తనే తెరిచి, చూడవచ్చినవాళ్ల దగ్గర రుసుము పుచ్చుకోవడం మొదలుపెట్టాడు.

తోట యజమాని తన తోటకే టిక్కెట్టు పెట్టాడు. గండం గడిచిందనుకున్నాడు.

1950లలో కాపురం కూలింది. విడాకులు. ఆస్తి పంపకం. తోటని పంచడం ఎలా? కలువల కొలను ఒకరికీ, వెదురు గుబురు ఒకరికీనా? పంచలేనిదాన్ని అమ్మాల్సి వచ్చింది. ముక్క ముక్కగా తెంపి ఇచ్చాడు. మదీనాలో మేనత్త వాటా దగ్గర బేరం ఆగుతుందని చెప్పుకున్నాం. కోట బయట, ఫ్రెంచి కాగితాల లోకంలో, భార్యాభర్తల వాటాల దగ్గర ఒక జీవితం ఆగిపోయింది. 1956 మార్చి 2న మొరాకోకి స్వతంత్రం. ఏలినవాళ్లు పెట్టె సర్దుకున్నారు. మజోరెల్ వెళ్లలేదు. దాదాపు నలభై ఏళ్లు పాతుకున్న మనిషి ఎక్కడికని వెళ్తాడు?

కారు ప్రమాదం పంపింది. వైద్యానికి పారిస్ తరలించారు. 1962 అక్టోబరులో అక్కడే పోయాడు. చివరి చూపుకి ఆ నీలం లేదు.

*

తోట మిగిలింది. తోటకి మజోరెల్ లేడు.

ఈవ్, బెర్జేలు చూస్తుండగానే ఏళ్లు దొర్లాయి. తుప్పు పట్టిన గేటు, పాచి పట్టిన కొలను, ఎండకి పాలిపోతున్న నీలం. పరాయివాడి ఆస్తి. చూడ్డమే తప్ప చేయి పెట్టడానికి లేదు. పైగా గాలి మారుతోంది. 1973 మార్చి 2. స్వతంత్రం వచ్చి సరిగ్గా పదిహేడేళ్లు. ఆ రోజే మొరాకో ఒక చట్టం చేసింది: పరదేశుల చేతుల్లో ఉన్న సేద్యపు భూములన్నీ ప్రభుత్వానివి. ఒక్క కలం పోటుతో నారింజ తోటలూ గోధుమ చేలూ చేతులు మారాయి. పట్నాల్లో ఇళ్ల జోలికి మాత్రం రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఈ రోజుకీ అక్కడ గీత అదే. పరదేశి ఇల్లు కొనొచ్చు. సాగుభూమి కొనలేడు.

అలాంటి రోజుల్లో తెలివైనవాడు అమ్ముకుని బయటపడతాడు. వీళ్లు 1974లో రెండో ఇల్లు కొన్నారు.

దాని పేరు దార్ ఎస్ సాదా. ఆనందపు ఇల్లు. ఎక్కడో కాదు. సరిగ్గా ఆ తోట పక్కన. పాము ఇల్లు వదిలేసి వచ్చి, నీలం గోడకి దగ్గరగా కాపురం పెట్టారు. పక్కింటి గోడ మీంచి వెదురు చప్పుడు వినిపించేంత దగ్గర. ఆరేళ్లు అలా నడిచింది.

1980లో ఆ చప్పుడుకి ముగింపు వార్త వచ్చింది.

తోట అమ్మేస్తున్నారు. కొట్టేస్తారు. ఆ స్థలంలో హోటల్ లేస్తుంది.

లెక్క ప్రకారం అందులో తప్పు లేదు. ఊరు పెరిగి తోట దాకా వచ్చేసింది. ఖర్జూర తోపు అంచు కాస్తా నగరం నడిబొడ్డు అవుతోంది. పాచి పట్టిన కొలను కంటే ఈత కొలనుకే డబ్బొస్తుంది. బుల్డోజర్‌కి ఒక పూట పని. ముప్ఫై తొమ్మిదేళ్లు ఒక మనిషి కుండీలో పెట్టి, నేలలో దించి, నీళ్లు పోసి, పేరు పెట్టి పెంచినవన్నీ ఒక పూటలో లారీ ఎక్కుతాయి, వాటి వెనకే ఆ నీలం గోడ పెళ్లలు పెళ్లలుగా రాలి, ఏ రోడ్డు గుంతలోనో పడి, రెండు వానలకి మట్టి రంగుకి తిరిగిపోతుంది.

బెర్జే కదిలాడు. లెక్కల మనిషి లెక్క పక్కన పెట్టాడు. హోటల్ పథకాన్ని ఆపడానికి తాము చేయగలిగిందంతా చేశామని తర్వాత వాళ్లు రాసుకున్నారు. ఆ ఏడాదే దస్తావేజు మారింది. తోట, స్టూడియో, మజోరెల్ నివాసం. మొత్తం.

బుల్డోజర్ రాలేదు.

*

కొనడం ఒక రోజు పని. ఆ తర్వాతది?

మజోరెల్ నివాసానికి విల్లా ఒయాసిస్ అని పేరు పెట్టుకుని అందులోకి మారారు. లోపలి అలంకరణ బిల్ విల్లిస్ చూశాడు, మరాకేష్‌లో స్థిరపడ్డ అమెరికన్ అతను. సున్నాన్ని నల్లసబ్బుతో, నున్నటి రాయితో రుద్ది రుద్ది అద్దంలా తేల్చే తదలాక్త్ పని, చేత్తో చెక్కి అతికించే జెల్లీజ్ పలకలు. అక్కడి పనివాళ్ల చేతుల్లో ఇంకా ఉన్న విద్యలే అవి. తోటలో మాత్రం ఒక పట్టుదల పెట్టుకున్నారు. ఏది చేసినా మజోరెల్ ఊహకి తగ్గట్టు ఉండాలి. నీలం నీలంగానే ఉండాలి. 1999 నుంచి అబ్దెర్రజాక్ బెన్‌షాబాన్ అనే మొరాకో వృక్ష శాస్త్రవేత్త ఆ పని చేతిలోకి తీసుకున్నాడు. 135 రకాల మొక్కలు 300 అయ్యాయి. నీళ్లు పైపుల్లో వేళకి వచ్చే ఏర్పాటు జరిగింది. మజోరెల్‌ని మింగిన ఖర్చు ఇదే. ఈసారి దానికి పారిస్ గౌన్ల డబ్బు ఎదురు నిలిచింది.

ఈలోగా కోట లోపల ఇంకో తుఫాను లేచింది. 1985లో మదీనాకి యునెస్కో గుర్తింపు. 1990ల చివర్లో ఫ్రెంచ్ టీవీలో ఒక కార్యక్రమం వచ్చింది. పారిస్‌లో రెండు గదుల ఫ్లాటు ఖరీదుకి మరాకేష్‌లో రాజభవనం అన్న ధోరణి. విమానాలు నిండాయి. సెమ్సార్‌ల ఫోన్లు మోగాయి. పదిమంది కాపురముండే పాత ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయి అతిథి గృహాలయ్యాయి. అమ్మినవాళ్లు ఆ డబ్బుతో ఊరి బయట అపార్ట్‌మెంట్‌కి మారారు. కొందరికది వరం, కారే కప్పు కింద ఎవరుంటారు? కొందరు మాత్రం అదే సందులోకి మళ్లీ రావాలనుకున్నప్పుడు, తాము అమ్మిన ఇంటి ధర తమకే అందలేదు.

కొన్నవాళ్లలోనూ ఏడ్చినవాళ్లున్నారు. బేరంలో సగం దస్తావేజులో రాసి, మిగతా సగం చేతికి నగదు. మనం బ్లాక్ అంటాం. అక్కడి ఫ్రెంచిలోనూ ఆ మాట నువార్, నలుపే. కొనేరోజు తియ్యగా ఉంటుంది. అమ్మేరోజు అసలు రంగు తేలుతుంది. విదేశీ డబ్బు బ్యాంకు ద్వారా దేశంలోకి వచ్చిందని రుజువు కాగితం ఉంటేనే, ఇల్లు అమ్మగా వచ్చిన సొమ్ము మళ్లీ విదేశీ డబ్బుగా బయటికి వెళ్తుంది. కాగితం లేదా, సొమ్ము దిర్హాముల్లో అక్కడే ఉండిపోతుంది. దాన్ని చూసుకుంటూ మనిషి కూడా.

విల్లా ఒయాసిస్‌కి ఇదేమీ తగల్లేదు. ఆ ఇంటి మీద పడిన దెబ్బ వేరే.

*

2008 జూన్ 1. పారిస్. ఈవ్ సాన్ లోరాన్ పోయాడు. 71 ఏళ్లు.

పారిస్‌లో రాజలాంఛనాల మధ్య వీడ్కోలు. దేశాధ్యక్షుడు వచ్చాడు. సినిమా తారలు వచ్చారు. అంతా అయ్యాక చిన్న అస్థికల పాత్రతో బెర్జే దక్షిణానికి బయల్దేరాడు. ఓరాన్‌కి కాదు. జూన్ నెల మరాకేష్ అంటే గాలి కూడా కొలిమిలోంచి వచ్చినట్టు ఉంటుంది. విల్లా ఒయాసిస్ గులాబీ తోటలో, ఆ మట్టిలో, ఆ అస్థికలు చల్లారు. గుర్తుగా తాంజియర్ నుంచి తెచ్చిన ఒక రోమన్ స్తంభం నిలబెట్టారు. దేశం పోగొట్టుకున్నవాడు ఇలా ఊరు చేరాడు.

ఇక పేరు మిగిలింది ఒక్కరిది. బెర్జేకి అప్పటికి 77. పాత ఊళ్లలో పరదేశుల ఆస్తులు చేతులు మారేది సరిగ్గా ఈ దశలోనే. ఒకరు పోతారు, మిగిలినవారు అలిసిపోతారు, సెమ్సార్ తలుపు కొడతాడు.

2009 ఫిబ్రవరిలో బెర్జే అమ్మకం పెట్టేశాడు. పారిస్‌లో గ్రాండ్ పలే. మూడు రోజుల వేలం. మాతీస్, మాండ్రియాన్ బొమ్మలు, వెండి, కంచు, ఇద్దరూ కలిసి ఏళ్ల తరబడి ఏరుకొచ్చిన వస్తువులు సుత్తి దెబ్బ కిందికి వెళ్లాయి. దాదాపు 37 కోట్ల యూరోలు. బీజింగ్ రాజోద్యానం నుంచి 1860లో దోపిడీలో పోయిన రెండు కంచు తలకాయలు కూడా అందులో ఉన్నాయి. మావి మాకిమ్మని చైనా గోల చేసింది. పాడుకున్న చైనా మనిషి డబ్బు కట్టనన్నాడు. ఎవరి ఆస్తి ఎవరి పేరిట ఉందన్న ప్రశ్న ఆ హాల్లో కూడా వదల్లేదు.

అంత సంపదా అమ్మేశాడు. మరి తోట?

తోట వేలానికి రాలేదు. వారసులకీ వెళ్లలేదు. తమ పేరిట ఉన్న ఫౌండేషన్‌కి రాసిచ్చాడు. 2011 నుంచి నిర్వహణ మరాకేష్‌లోనే నమోదైన, లాభాపేక్ష లేని ఫౌండేషన్ చేతిలో. దాని పేరు ఫౌండేషన్ జార్డిన్ మజోరెల్. అదే ఏడాది నీలం స్టూడియోలో బెర్బర్ తెగల మ్యూజియం తెరిచారు. ఫ్రెంచి చిత్రకారుడి పనిగదిలో ఇప్పుడు అట్లాస్ కొండల ఆడవాళ్ల వెండి నగలు. ఏటా ఏడు లక్షల మందికి పైగా వస్తున్నారు. 1947లో దిక్కుతోచక పెట్టిన టిక్కెట్టే ఇవాళ తోటని పోషిస్తోంది.

పక్కనే ఈవ్ పేరిట ఇటుకల భవనం లేచింది. 2017 అక్టోబరు 19న ప్రారంభం. దాన్ని చూడ్డానికి బెర్జే లేడు. సెప్టెంబరు 8న పోయాడు. ఆరు వారాల తేడా.

తోట ముందు వీధికి 2010లోనే ఈవ్ సాన్ లోరాన్ వీధి అని పేరు పెట్టారు. పొద్దున తొమ్మిదింటికల్లా అక్కడ క్యూ. ఎర్రగోడ పొడుగునా టోపీలు, గొడుగులు. టాక్సీలు ఒకదాని వెనకొకటి వచ్చి ఆగుతుంటాయి. కొన్నవాళ్ల పేరు వీధి బోర్డు మీద ఉంది. ఎక్కినవాళ్లు డ్రైవర్‌కి చెప్పిన పేరు మాత్రం వేరు. మజోరెల్.